కొన్న వస్తువు లేని ఇల్లు

ఝరాసంగంలో మా ఇంట్లో అమ్మీ పెళ్లికి వచ్చిన ఇనుప పెట్టె, దాదీ రాగి బిందె తప్ప కొన్న వస్తువు అంటూ ఏదీ లేదు. తలుపు లారీ బాడీ చెక్క. ఆ తలుపు బందులు లారీ టైరు ముక్కలు. నీళ్లు చేదే బొక్కెన లారీ ట్యూబు. పొయ్యి పాత ఇనుప బకెట్టు. నేను చదువుకున్న దీపం డాల్డా డబ్బా. మా ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ అంతకుముందు ఎక్కడో ఒకచోట పనైపోయి, పక్కన పారేస్తే వచ్చిందే.

బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల ఒకసారి మా ఇంటికి వచ్చింది. అన్నీ కలియజూసింది. అమ్మీ ఇచ్చిన చాయ్ తాగి పోయింది. మర్నాడు క్లాసులో అందరి ముందూ, "తురకోళ్లింట్ల అన్నీ తుక్కు సామాన్లే" అంది. ఆ పిల్లకు నా మీద కోపమేమీ లేదు. చూసింది చూసినట్టు చెప్పింది, అంతే. కానీ తుక్కు, తురక అన్న రెండు మాటలూ అట్లా ఒకదాని పక్కన ఒకటి చేరి నాకు చాలా ఏళ్లు వినిపిస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత నేను ఎవర్నీ ఇంటికి పిలవలేదు.

మా అబ్బా జహీరాబాదులో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. హైదరాబాదు నుంచి బొంబాయి పోయే పెద్ద రోడ్డు జహీరాబాదు మధ్యలోంచి పోతుంది. అప్పట్లో దాన్ని 9వ నంబరు రోడ్డు అనేవాళ్లు, ఇప్పుడది 65. ఆ రోడ్డు మీద చెడిపోయిన ప్రతి బండీ ఏదో ఒక షెడ్డుకు చేరేది. వెల్డింగు, టింకరింగు, పంక్చరు, కమాను పట్టాలు, సీటు కుట్టడం, ఈ పనుల్లో ఎక్కువమంది మావాళ్లే. పాత బాడీ విప్పినప్పుడు మిగిలిన చెక్క, వంగిన రేకు, తెగిన కమాను పట్టా కూలితోపాటు పట్టుకుపొమ్మనేవాడు సేటు. ఒక్కోసారి కూలికి బదులే ఇచ్చేవాడు. సాయంత్రం బస్సు మీద ఆ సామాను ఎక్కించడానికి అబ్బాకు, కండక్టరుకు రోజూ తగువు. "ఇది సామాను కాద్సార్, చెత్త. చెత్తకు టికెట్ కొడ్తవా?" అనేవాడు అబ్బా. ఇల్లు చేరాక మాత్రం దాన్ని చెత్త అననిచ్చేవాడు కాదు.

అబ్బాకు ఈ విద్య మా దాదా నుంచి వచ్చింది. దాదా వడ్రంగి. ఆయన చేసిన ఒకే ఒక్క వస్తువు ఇప్పుడు నా దగ్గరుంది. రెహల్. ఖురాన్‌ను నేల మీద పెట్టకుండా, ముందు విప్పి పెట్టుకుని చదువుకునే చెక్క పీట. రెహల్‌కు మేకు ఉండదు, బందు ఉండదు, జిగురుండదు. ఒకే పలకను రెండు కొసల నుంచీ మందం మధ్యకు కోసుకుంటూ వస్తారు. నడుమ మాత్రం కోత ఆపి, వేళ్లలో వేళ్లు దూర్చినట్టు పళ్లు చెక్కుతారు. తెరిస్తే కత్తెరలాగా నిలబడుతుంది, మూస్తే మళ్లీ ఒకటే పలక. చెక్కేటప్పుడు ఒక్క పన్ను విరిగితే మొత్తం పలక దండగే.

మా రెహల్‌కు ఒకవైపు నల్లగా కాలిన మచ్చ ఉంది. చిన్నప్పుడు అది దీపం అంటుకుని కాలిందనుకునేదాన్ని. దాదీ పోయే ముందు చెప్పింది. అది మా పాత ఇంటి తలుపు.

1948 సెప్టెంబరులో నైజాం రాజ్యంలోకి సైన్యం వచ్చింది. దాన్ని పోలీస్ యాక్షన్ అన్నారు. అయిదు రోజుల్లో అయిపోయిందని పుస్తకాల్లో ఉంటుంది. మా జహీరాబాదు తాలూకా అప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు మెదక్‌లో కలిపారు, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఆ అయిదు రోజుల తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ కమిటీని పంపింది. తక్కువలో తక్కువగా చూసినా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చచ్చిపోయారని కమిటీ రాసింది. బాగా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటని కూడా రాసింది. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2013లో గానీ జనం చేతికి రాలేదు. దాదీ అప్పటికి లేదు. ఉన్నా ఆమెకు రిపోర్టుతో పనేముంది.

రజాకార్లు చేసిన ఘోరాలు అబద్ధమని నేననను. ఊళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. ఆ పాపం వాళ్లది. కానీ మా దాదా రజాకారు కాదు. నాగళ్లు, బండి చక్రాలు చేసే మనిషి. అందరితోపాటు పారిపోయి, కొన్ని నెలలకు తిరిగొచ్చేసరికి ఇంటికి గోడలు మాత్రమే ఉన్నాయట. కాలిన తలుపులో సగం పలకను పక్కింటి కమ్మరాయన బూడిదలోంచి తీసి, తన కొలిమి పక్కన గోడకు ఆనించి ఉంచాడు. "నీ తలుపు సగముంది, తీస్కపో" అన్నాడట. దాదా ఆ సగాన్ని తెచ్చి మళ్లీ తలుపు చేయలేదు. కొన్నాళ్లు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒకరోజు దాన్ని రెహల్ చేశాడు. కాలిన చోటు చిత్రిక పడితే పోయేదే. పట్టలేదు. ఎందుకు పట్టలేదని దాదీని అడిగితే, "పూఛీ నై" అంది. అడగలేదట. మా ఇళ్లల్లో అడగని సంగతులు అట్లా చాలా ఉంటాయి.

అబ్బా సంగతికి వస్తాను. అబ్బా చేసినవాటిలో నాకు బాగా తెలిసింది గ్యాసునూనె బుడ్డి. ఎందుకంటే అందులో సగం పని అమ్మీది, పావు పని నాది.

డాల్డా డబ్బానో నూనె డబ్బానో ముందు వేడినీళ్లు, బూడిద పెట్టి జిడ్డు పోయేదాకా తోమాలి. అది నా పని. అబ్బా రేకు కత్తెరతో పట్టీలు కోసి, ఇనుప గొట్టం మీద పెట్టి చెక్క సుత్తితో గుండ్రంగా వంచేవాడు. ఒక కొసను ఇటు, ఇంకో కొసను అటు మడిచి రెంటినీ తగిలించి కొడితే అతుకు కనిపించేది కాదు. అడుగు బిళ్ల, పైన మూత, మూతలో వత్తి గొట్టం. ఇక టాకా పెట్టే పని అమ్మీది. నౌసాదర్ అద్ది అతుకును శుభ్రం చేయడం, బొగ్గుల్లో కాల్చిన రాగి మొనను రాంగ్ ముక్కకు తాకించి, ఆ కరిగిన చుక్కను అతుకు పొడవునా ఒక్క గీతలాగా లాగడం. చెయ్యి వణికితే చుక్క గడ్డ కడుతుంది, గ్యాసునూనె కారుతుంది. అమ్మీ చేసిన బుడ్డి ఏ ఒక్కటీ కారలేదు. నౌసాదర్ పొగకు కళ్ల వెంట నీళ్లు కారేవి ఆమెకే. ఆ రాంగ్‌లో సీసం కలిసి ఉంటుందని, ఆ పొగ మంచిది కాదని నాకు తెలిసేటప్పటికి ఆమె పదిహేనేళ్లు పీల్చింది.

ఊళ్లో మాత్రం వాటిని "సాయిబు బుడ్లు" అనేవాళ్లు. అబ్బా పేరే. అమ్మీ పర్దాలో ఉండే మనిషి కాబట్టి ఆమె చేతిపని కూడా పర్దాలోనే ఉండిపోయింది. దీని గురించి బయటివాళ్ల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. నేను కూడా చాలాకాలం "మా అబ్బా చేసిన దీపం" అనే అన్నాను.

అబ్బా చేతికంటే అంచు మీద ఎక్కువ పట్టింపు. రేకును కోసి వదిలేస్తే దాని అంచు కత్తి. లోపల సన్నతీగ పెట్టి అంచును దాని మీదకు మడిచి కొట్టాలి. అప్పుడు రేకుకు బలం వస్తుంది, పట్టుకున్నవాళ్ల చెయ్యి తెగదు. కారని అతుకు కొనేవాడికి కనిపిస్తుంది, అంచు కనిపించదు. అయినా అంచు మడవని వస్తువును అబ్బా గడప దాటనిచ్చేవాడు కాదు. "పాపం, తెలియక పట్టుకుంటరు" అనేవాడు.

ఇక శివరాత్రి జాతర. మా ఊళ్లో కేతకీ సంగమేశ్వరుని గుడి ఉంది. ఇటు తెలంగాణ, అటు కర్ణాటక, మహారాష్ట్రల నుంచి జనం వస్తారు. మామూలుగా శివపూజకు పనికిరాదని పక్కన పెట్టే మొగలిపువ్వును ఇక్కడ స్వామికి పెడతారు. అబ్బాకు ఈ సంగతి చాలా ఇష్టం. "ఈడ దేవుడు గూడ పారేసిందాన్నే తీస్కుంటడు" అని నవ్వేవాడు. జాతరలో ఒక గోనె పరుచుకుని బుడ్లు, రేకు గిలకలు, చెత్త ఎత్తే చేటలు, సీసా గరాటులు పెట్టుకుని కూర్చునేవాళ్లం. బొట్టు పెట్టుకున్న అవ్వలు బేరమాడి, మా బుడ్డిలోనే గ్యాసునూనె పోయించుకుని వెలిగించి చూసి కొనుక్కునేవాళ్లు. ఎవరు చేశారని కాదు, కారుతుందా లేదా అని అడిగేవాళ్లు. 2022 మార్చిలో కర్ణాటకలో ఉడుపి వైపు గుళ్ల జాతరల్లో ముస్లింలకు దుకాణాలు ఇవ్వొద్దని బ్యానర్లు కట్టారు. మా గోనె మీదికి ఎప్పుడూ ఎవరూ అట్లా రాలేదు. కానీ ఆ వార్త చదివిన రోజు అమ్మీకి చెప్పలేదు.

పొయ్యి గురించి కూడా చెప్పాలి. అది అమ్మీ సొంతం. కోత మిషను దగ్గర రంపపు పొట్టు ఊరకే ఇచ్చేవాళ్లు. డబ్బా అడుగున పక్కకు ఒక చిల్లి. అందులోంచి ఒక కట్టె, పైనుంచి నిలువుగా ఒక సీసా పెట్టి, చుట్టూ పొట్టును దంచి దంచి నింపాలి. సీసాను మెల్లగా తిప్పి తీస్తే నడుమ బొక్క మిగులుతుంది. కింద కట్టె లాగేసి నిప్పు పెడితే రెండు మూడు గంటలు పొగ లేకుండా సన్నగా మండుతుంది. దంచడం తక్కువైతే పొట్టు కూలి పొయ్యి ఆరిపోతుంది. రంజాన్‌లో సహరీకి లేచి అన్నం వండాలంటే రాత్రే దంచి పెట్టుకునేది. ఆ చప్పుడుకు నిద్రపోయేవాళ్లం మేము.

ఇదంతా చదివి ఎంత చక్కటి బతుకు అనుకుంటారేమో. అనుకోవద్దు. డబ్బుంటే అబ్బా పొయ్యి కొనేవాడు. మా అక్క పెళ్లి మాటలప్పుడు సయ్యదుల ఇంటి నుంచి సంబంధం వచ్చినట్టే వచ్చి, "డబ్బా పీట్నేవాలే" అని వెనక్కి పోయింది. డబ్బాలు కొట్టుకునేవాళ్లట. ఇస్లాంలో కులం లేదని మనం బయట ప్రసంగాల్లో చెబుతాం, పెళ్లిచూపుల్లో చెప్పం. 2007లో వెనుకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు ఆ జాబితా చూశాను. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, గారడీ సాయిబులు, హజ్జాములు, రోళ్లకు కక్కు కొట్టే తురక కాశవాళ్లు. చేసే పనే మనిషికి పేరైపోయింది. ఆ పేర్లతో పిలిస్తే తలదించుకున్నవాళ్లు ఆ పేర్లతోనే కాలేజీల్లో సీట్లు తెచ్చుకున్నారు. మా డబ్బా రేకుల పనికి ఆ జాబితాలో వేరే పేరు లేదు. మేము షేకులం కాబట్టి షేక్ అన్న పేరు కిందే వచ్చాం.

మళ్లీ ఇనుము దగ్గరికి. కమాను పట్టా ఉక్కు గట్టిది, సాగుతుంది, పదును నిలుస్తుంది. అబ్బా తెచ్చిన ముక్కల్ని కమ్మరి మామ కొలిమిలో కాల్చి కొడవళ్లు, కత్తులు సాగదీసేవాడు. దాదాకు తలుపు దాచి ఇచ్చిన ఆయన కొడుకే ఈ మామ. ఇనుము మాది, బొగ్గు ఆయనది. చేసినవాటిలో సగం సగం. మా వాటాలో ప్రతిసారీ బక్రీదుకు ఒక మంచి కత్తి ఉండేది. అబ్బా దానికి లారీ బాడీ టేకుముక్కతో పిడి వేసేవాడు.

1992 డిసెంబరు 6 సాయంత్రం రేడియోలో బాబ్రీ మసీదు సంగతి విన్నాక అమ్మీ మొదట చేసిన పని ఏడవడం కాదు. ఇంట్లో ఉన్న కత్తులన్నీ, కూర కోసుకునేదాంతో సహా, ఏరి గోనెలో చుట్టింది. రేకు కత్తెర కూడా. చీకటి పడ్డాక అబ్బా దాన్ని కమ్మరి మామ ఇంటికి మోసుకుపోయాడు. మామ ఏమీ అడగలేదు. "మా ఇంట్ల ఉంటే ఎవ్వరడుగర్లే" అని గోడవారగా పెట్టాడు. ఆయన కొలిమి నిండా అవే కత్తులున్నాయి. వారం రోజులు మా ఇంట్లో ఉల్లిగడ్డలు కోయడానికి కత్తి లేదు. అమ్మీ రాయితో నలగ్గొట్టి వేసింది.

ఆ గోనె తిరిగొచ్చింది. అన్న పెట్టె మాత్రం రాలేదు. అన్నకు రేడియోల పిచ్చి. పాడైన సెట్లు విప్పి రెండు మూడింటితో ఒకటి పలికించేవాడు. హైదరాబాదులో చిన్న గది తీసుకుని రిపేరు పని నేర్చుకుంటున్నాడు. 2007 మే 18న శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది మావాళ్లు. తర్వాత పట్టుకుపోయిందీ మావాళ్లనే. అట్లా పట్టుకుపోయినవాళ్లలో ఎందరో తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ రోజుల్లో అన్న గదిలో తీగలు, బ్యాటరీలు, టైమర్లు చూసిన ఇంటాయన గంటలో ఖాళీ చేయమన్నాడు. పాపం, ఆయనకూ భయమే. అన్న ట్రంకుపెట్టె మోసుకుని రాత్రి బస్సుకు ఇల్లు చేరాడు. అబ్బా పెట్టె తెరిచి ఒక్కొక్కటీ తీసి చూశాడు. ఇది స్పీకరు, ఇది ట్రాన్స్‌ఫార్మరు, ఇది పాత గడియారం. తనకే ధైర్యం చెప్పుకుంటున్నట్టు పేర్లు చదివాడు.

పొద్దున మేము లేచేసరికి పెట్టె లేదు. అమ్మీ దాన్ని కబాడీకి కిలోల లెక్కన ఇచ్చేసింది. కబాడ్ నుంచి ఇల్లు నింపిన మనిషి ఇంట్లోంచి సామాను తిరిగి కబాడ్‌కు పోవడం అదే మొదటిసారి. అబ్బా ఆమెను ఒక్క మాట అనలేదు. అన్న తర్వాత రిపేరు పని పట్టుకోలేదు. ఆటో నడిపాడు, ఇప్పుడు గల్ఫులో ఉన్నాడు. ఆ పిల్లవాడి చేతుల్లో ఏం విద్య ఉండేదో చెప్పడానికి మా దగ్గర ఒక్క రేడియో కూడా మిగల్లేదు.

మొన్నీమధ్య హైదరాబాదులో ఒక పెద్ద దుకాణంలో లారీ టైరుతో చేసిన పీట చూశాను. పక్కన దాన్ని తయారుచేసినావిడ ఫోటో, పర్యావరణం గురించి నాలుగు ముక్కలు. ధర మా అబ్బా ఏడాది కూలి. నాకు ఈర్ష్య లేదు, పీట బాగుంది. కానీ అదే పీట మీద కూర్చుని పంక్చరు వేసేవాడు దేశంలో ఒక సామెతైపోయాడు. 2025 ఏప్రిల్ 14న హిసార్ సభలో ప్రధానమంత్రి, వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంక్చర్లు వేసుకుని బతకాల్సి వచ్చేది కాదన్నారు. వక్ఫ్ భూములు చాలాచోట్ల అన్యాక్రాంతమైన మాట నిజం, అందులో మన పెద్దల చేతులూ ఉన్నాయి. అయితే పంక్చరు అన్న మాట వినగానే జనం ఎందుకు నవ్వాలి? ట్యూబు నీళ్లలో ముంచి ఎక్కడ బుడగ వస్తుందో పట్టుకోవడం వచ్చినవాడిని చూసి నవ్వడానికేముంది?

బీదర్ మాకు బాగా దగ్గర. బిద్రీ పని అక్కడిదే. జింకు, రాగి కలిపి పోసిన పాత్ర మీద వెండి పొదిగి, కోటలోంచి తెచ్చిన మట్టిని నౌసాదర్‌తో కలిపి రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. ఆ పనికి షా రషీద్ అహ్మద్ ఖాద్రీ సాబ్‌కు 2023లో పద్మశ్రీ వచ్చింది. పేపర్లో చదివి వినిపిస్తే అమ్మీ మిగతాదంతా వదిలేసి, "నౌసాదరా? మనం పెట్టేదేనా?" అంది. అదే అన్నాను. చాలాసేపు తన వేళ్లు చూసుకుంది.

అబ్బా ఇప్పుడు లేడు. పోయిన నెల మా అమ్మాయికి బళ్లో 'వ్యర్థాలతో ఉపయోగపడే వస్తువులు' చేసుకురమ్మన్నారు. తోటి పిల్లలంతా స్టేషనరీ దుకాణంలో ఐస్‌క్రీం పుల్లల కట్టలు, మెరుపు కాగితాలు, జిగురు గన్ను కొనుక్కున్నారు. కొత్తగా కొన్న వ్యర్థాలన్నమాట. మా పిల్ల కూడా డబ్బులు అడిగింది. నేను ఖాళీ నూనె డబ్బా, అబ్బా రేకు కత్తెర ఇచ్చాను. ఇద్దరం వంటగదిలో కింద కూర్చుని చెత్త ఎత్తే చేట చేశాం. నా గీత వంకర పోయింది. పిడి రెండుసార్లు ఊడింది. మూడోసారి నిలబడింది.

చేట వెనక చేసినవాళ్ల పేరు రాయాలట. పిల్ల తన పేరు రాసి, ఆగి, "ఇంకా ఎవరిది రాయాలి అమ్మీ?" అంది. నానీ పేరు రాయమన్నాను. అది ఉత్సాహంగా ఊరికి ఫోను చేసి నానీకి చెప్పింది, చేట చేశామని, వెనక నీ పేరుందని. పేరు సంగతి అమ్మీ పట్టించుకున్నట్టు లేదు. అవతల నుంచి గట్టిగా వినపడింది.

"కినారా పల్టాయే నా?"

అంచు మడిచారు కదా, అని. పిల్ల నా మొహం చూసింది. నేను చేట అందుకుని అంచు వెంట వేలు నడిపి చూశాను. ఒక మూల మిగిలి ఉంది. సుత్తి తెమ్మన్నాను.